రాజకీయ ప్రసంగాల్లో దైవభాష: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు రాష్ట్రాల్లో ఏ పార్టీ సభకు వెళ్లినా దేవుడి పేరు చెవిన పడకుండా తిరిగి రావడం అరుదు. ఒకరు దేవుడి దయ అంటారు, ఒకరు ధర్మయుద్ధం అంటారు, మరొకరు ఫలానా స్వామి సాక్షిగా అంటారు. ఈ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయి, ఎందుకు నిలిచాయి, వీటిలో చట్టం ఒప్పుకునేవి ఏవి, ఒప్పుకోనివి ఏవి అని చాలామంది అడుగుతుంటారు. తొలిసారి ఓటు వేయబోయే పిల్లలు మరీ ఎక్కువగా అడుగుతారు. వారి ప్రశ్నలకు ఇవి జవాబులు. నాయకుల పేర్లు, పార్టీల పేర్లు ఉదాహరణలుగానే వచ్చాయి తప్ప, ఎవరికి ఓటు వేయాలో చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు.

దైవభాష అంటే దేవుడి పేరు పలకడమేనా?

అంతమాత్రమే కాదు. దేవుడి పేరు నేరుగా పలకడం పైకి కనిపించే పొర మాత్రమే. దాని కింద రామాయణ, భారతాల పాత్రలతో చేసే పోలికలు ఉంటాయి. ఇంకా అడుగున, మతం నుంచే వచ్చినా మతానివని మనకు తోచడం మానేసిన మాటలు ఉంటాయి. దీక్ష అనే మాటను చూడండి. యజ్ఞం చేయబోయే యజమాని నియమం పట్టడాన్ని దీక్ష అంటారు. 1952లో ప్రత్యేకాంధ్ర కోసం పొట్టి శ్రీరాములు మద్రాసులో ప్రాణాలు వదిలింది నిరాహార దీక్షలోనే. 2009 నవంబర్ 29న తెలంగాణ కోసం కె. చంద్రశేఖర్ రావు మొదలుపెట్టినదీ దీక్షే. ఒక రాష్ట్రం ఏర్పడాలని ఒకరు, మరో రాష్ట్రం ఏర్పడాలని ఇంకొకరు, ఇద్దరూ ఒకే వైదిక పదాన్ని పట్టుకున్నారు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం సాగునీటి ప్రాజెక్టులకు జలయజ్ఞం అని పేరు పెట్టింది. వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి 2017 నుంచి 2019 జనవరి వరకు ఇడుపులపాయ నుంచి ఇచ్ఛాపురం దాకా 3,648 కిలోమీటర్లు నడిచిన నడకకు ప్రజాసంకల్పయాత్ర అని పేరు. సంకల్పమూ యాత్రా రెండూ పూజామందిరం నుంచి వచ్చిన మాటలే.

ఇంతకీ నాయకులు ఈ భాష ఎందుకు వాడతారు?

ఓట్ల కోసం అని ఒక్క మాటలో తేల్చేయవచ్చు గానీ, ఆ జవాబు సగమే నిజం. ఓట్ల కోసమే అయితే ఈ భాషే ఎందుకు పనిచేస్తుంది అన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

తెలుగు నేల మీద పదిమందిని కూర్చోబెట్టి ఒక మనిషి గంటలకొద్దీ మాట్లాడే అలవాటు రాజకీయాలతో పుట్టలేదు. పురాణ కాలక్షేపం, హరికథ, తోలుబొమ్మలాట, వీధినాటకం ఆ అలవాటును ఎప్పుడో నేర్పాయి. చాలా ఊళ్లలో రామాలయం అరుగే రచ్చబండ. పంచాయితీ జరిగేది అక్కడే, భజన జరిగేది అక్కడే, ఎన్నికలొస్తే అభ్యర్థి నిలబడి మాట్లాడేదీ అక్కడే. ఆ చోట నిలబడిన వక్త గొంతులోకి ఆ చోటి పలుకుబడి రాకుండా ఎలా ఉంటుంది?

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. బహిరంగంగా మాట ఇవ్వడానికి, ఇచ్చిన మాటకు కట్టుబడతానని నమ్మించడానికి మన జనానికి తరతరాలుగా తెలిసిన పదజాలం దాదాపుగా అంతా దైవంతో ముడిపడినదే. జవాబుదారీతనం, పారదర్శకత, విధివిధానాలు అన్నవి పాఠ్యపుస్తకాల మాటలు, ఫైళ్ల మాటలు. ఒట్టు, ప్రమాణం, సాక్షి, పాపం, పుణ్యం అన్నవి ఇంట్లో మాటలు. పింఛను ఆపేస్తే అది నియమావళికి విరుద్ధం అని చెప్పే నాయకుడి కంటే ముసలివాళ్ల ఉసురు పోసుకోవడం మహాపాపం అని చెప్పే నాయకుడు సూటిగా అర్థమవుతాడు. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదని నా అభిప్రాయం. నీతిని చెప్పడానికి ఒక జాతికి ఉన్న మాటలు ఉన్నవే.

అసలు పరీక్ష వేరే చోట ఉంది. వేదిక మీదికి పిలిచిన దేవుడు ఎవరిని కట్టిపడేస్తున్నాడు, మాట్లాడేవాడినా, వినేవాడినా? మిగతా జవాబులన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

ఇది ఈ మధ్య మొదలైన ధోరణి కాదా?

కాదు. బాలగంగాధర తిలక్ 1893లో గణపతి ఉత్సవాన్ని ఇళ్లలోంచి వీధిలోకి తెచ్చి ప్రజలను కూడగట్టారు. గాంధీజీ స్వరాజ్యాన్ని రామరాజ్యం అన్నారు. అయితే రామరాజ్యం అంటే హిందూ రాజ్యం కాదని, అది దైవరాజ్యమని 1929లో తన పత్రికలో వివరించవలసి వచ్చింది. ఒక మతపు మాటను అందరి కోసం వాడితే దాని అర్థాన్ని పదేపదే చెప్పుకోవలసిన భారం వక్త మీద పడుతుందని అప్పుడే తేలిపోయింది.

మన దగ్గర దీనికి అందమైన ఉదాహరణ చీరాల–పేరాల ఉద్యమం. పురపాలక సంఘం పేరుతో మీదపడిన పన్నులను వ్యతిరేకిస్తూ 1921లో అక్కడి జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊరు ఖాళీ చేసి, పొలిమేర అవతల పాకలు వేసుకుని, దాదాపు పదకొండు నెలలు గడిపారు. ఆ పాకల ఊరికి రామనగరం అని పేరు. గోపాలకృష్ణయ్య తీర్చిదిద్దిన స్వచ్ఛంద సేవకుల దళం పేరు రామదండు. ఊరు వదిలి వెళ్లడం రామకథలో ఓటమి కాదు, మాట నిలబెట్టుకోవడం. ఆ సంగతి చీరాల జనానికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది. ఎండలో, వానలో పాకల కింద ఉండడానికి కావలసిన ధైర్యాన్ని ఒక్క పేరు ఇచ్చింది. ఇక్కడ రాముడి పేరు ఎవరినీ వేరు చేయలేదు. కష్టాన్ని ముందు తమ నెత్తిన పెట్టుకున్నవారే ఆ పేరును పలికారు.

అదే గాంధీజీ 1934 బీహారు భూకంపాన్ని అస్పృశ్యతా పాపానికి దేవుడు వేసిన శిక్షగా చెప్పినప్పుడు రవీంద్రనాథ్ ఠాగూర్ బహిరంగంగా విభేదించారు. ఉద్దేశం మంచిదైనా, ప్రకృతి వైపరీత్యాన్ని దైవదండనగా చెబితే విన్నవారిలో ఆలోచన పెరగదు, భయం పెరుగుతుంది. ఠాగూర్ పక్షమే సరైనదని నేను నమ్ముతాను.

దేవుడిపై నమ్మకం లేని నాయకులు కూడా ఈ భాష వాడారా?

వాడారు. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేస్తూ జవహర్‌లాల్ నెహ్రూ దాన్ని తనకు పవిత్రమైన కార్యంగా చెప్పుకున్నారు, దేశమంతటా కడుతున్న కొత్త దేవాలయాలకు దాన్ని చిహ్నంగా వర్ణించారు. సోమనాథ ఆలయ ప్రారంభోత్సవానికి రాష్ట్రపతి హోదాలో వెళ్లవద్దని రాజేంద్రప్రసాద్‌కు 1951లో చెప్పిన నెహ్రూయే ఆనకట్టను దేవాలయం అన్నారు. కమ్యూనిస్టులు కూడా జనంలోకి వెళ్లడానికి బుర్రకథను ఎంచుకున్నారు. శివభక్తుల జంగం కథ నుంచి ఎదిగిన ఆ కళారూపాన్ని ప్రజానాట్యమండలి వేదికల మీద షేక్ నాజర్ ఎంత ఎత్తుకు తీసుకెళ్లారో తెలుగువారికి చెప్పనక్కరలేదు. భక్తి లేకపోయినా బాణీ అదే.

ఎన్.టి. రామారావు విజయానికి దేవుడి వేషాలే కారణమా?

వేషాలు తలుపు తెరిచాయి, అంతే. రాముడిగా, కృష్ణుడిగా, వేంకటేశ్వరుడిగా తెర మీద దశాబ్దాలు కనిపించిన మనిషి 1982 మార్చి 29న పార్టీ పెట్టి, చైతన్యరథం అనే వాహనం మీద ఊరూరా తిరిగితే జనం హారతులు పట్టడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఆయన భాషను జాగ్రత్తగా వింటే ఇంకో సంగతి కనబడుతుంది. తెలుగుదేశం నినాదం ‘సమాజమే దేవాలయం, ప్రజలే దేవుళ్లు’. దేవుడి వేషం వేసినవాడు వేదిక మీద దేవుడి స్థానాన్ని జనానికి ఇచ్చి, తాను పూజారి స్థానంలో నిలబడ్డాడు. దాని పక్కనే కిలో రెండు రూపాయల బియ్యం అనే లెక్కకు అందే హామీ ఉంది. ఈ రెండూ కలిసినందునే 1983 జనవరిలో తొమ్మిది నెలల పార్టీ అధికారంలోకి వచ్చింది.

కాషాయం కట్టిన ఆ ముఖ్యమంత్రి ప్రభుత్వమే 1987 దేవాదాయ చట్టంతో ఆలయాల్లో వంశపారంపర్య అర్చకత్వాన్ని, మిరాశీ (వంశం నుంచి వంశానికి సంక్రమించే) హక్కులను రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. దైవభాష మాట్లాడే నాయకుడు ఆచారాన్ని యథాతథంగా కాపాడతాడని అనుకోవడానికి వీల్లేదన్నమాట. 1989లో అదే జనం ఆయన పార్టీని ఓడించారు. కల్వకుర్తిలో ఆయన స్వయంగా ఓడిపోయారు. హారతి పట్టిన చేతులే ఆ ఓటూ వేశాయి.

అభిమన్యుడు, కౌరవులు, పద్మవ్యూహం వంటి పోలికల వల్ల నష్టమేమిటి?

2021 నవంబర్‌లో చంద్రబాబు నాయుడు ఆంధ్రప్రదేశ్ శాసనసభను గౌరవసభ కాదు, కౌరవసభ అని చెప్పి బయటికి వచ్చారు. 2024 జనవరిలో భీమిలి సభలో జగన్ తనను అభిమన్యుడితో కాక అర్జునుడితో పోల్చుకున్నారు. అదే సంవత్సరం జూలైలో లోక్‌సభలో రాహుల్ గాంధీ బడ్జెట్ చర్చను చక్రవ్యూహం కథతో నడిపించారు. మూడు వేర్వేరు పార్టీలు, ఒకే యుద్ధం.

ఈ పోలికలకు ఉన్న శక్తి ఏమిటంటే కథ అందరికీ ముందే తెలుసు, ఎవరు గెలవాలో కూడా తెలుసు. చిక్కు కూడా అక్కడే ఉంది. ఎదుటి పక్షాన్ని కౌరవులు అన్న తరువాత ఆ పక్షంతో కూర్చుని కాలువ నీటి వాటా గురించో, పాఠశాలల నిధుల గురించో ఒప్పందానికి రావడం కష్టమవుతుంది. ఎన్నికల్లో ఓడినవాడు శాసనసభలో ప్రతిపక్షంగా కూర్చుంటాడు. కురుక్షేత్రంలో ఓడినవాడికి కూర్చునే చోటు లేదు. అయినా సరే, ఈ పోలికల్ని మతప్రచారం కింద లెక్కవేయడం అతిశయోక్తి. తెలుగువాడు ఏ మతంవాడైనా ఇల్లు గొడవల్లో ఉంటే కురుక్షేత్రం అంటాడు.

నాయకులు దేవుడిపై ఒట్టు వేయడాన్ని ఎలా చూడాలి?

ఇది మన రాజకీయాల్లో అన్నిటికంటే ఆసక్తికరమైన విషయం, అందుకే కొంచెం ఎక్కువ చెబుతాను.

చిత్తూరు జిల్లా కాణిపాకం వరసిద్ధి వినాయకుడు సత్యప్రమాణాల దేవుడిగా ప్రసిద్ధుడు. ఆయన ముందు అబద్ధపు ప్రమాణం చేస్తే కీడు తప్పదని జనం విశ్వాసం. ఆరోపణ వచ్చిన ప్రతిసారీ కాణిపాకం రా, ప్రమాణం చేద్దాం అనే సవాలు మన నాయకుల నోట వినబడుతుంది. తెలంగాణలో ఎమ్మెల్యేల కొనుగోలు ఆరోపణల సమయంలో, 2022 అక్టోబర్‌లో, బండి సంజయ్ యాదగిరిగుట్టలో ప్రమాణం చేశారు. 2023 ఏప్రిల్‌లో మరో ఆరోపణకు జవాబుగా రేవంత్ రెడ్డి చార్మినార్ దగ్గరి భాగ్యలక్ష్మి ఆలయంలో ప్రమాణం చేశారు. 2024 లోక్‌సభ ప్రచారంలో, అప్పటికి ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డి, ఆగస్టు 15లోగా రెండు లక్షల రూపాయల రుణమాఫీ చేస్తామని ఏ ప్రాంతానికి వెళితే ఆ ప్రాంతపు దేవుడిపై ఒట్టు వేసి చెప్పారు.

ఇటువంటి ఒట్టులో దేవుడు వక్తకే సాక్షి. మాట తప్పితే నష్టం నాకే అని అతడు నలుగురి ముందు ఒప్పుకుంటున్నాడు. తేదీ, మొత్తం కూడా చెప్పాడంటే వినేవాడి చేతికి కొలబద్ద దొరికినట్టే. ఆగస్టు 15 దాటాక ప్రతిపక్షాలు ఆ ఒట్లను గుర్తుచేస్తూ విమర్శించడం అందుకే సాధ్యమైంది. అయితే దర్యాప్తు జరగవలసిన చోట ప్రమాణం దర్యాప్తుకు బదులు కాకూడదు. లంచం తీసుకున్నారా లేదా అన్నది బ్యాంకు ఖాతాలు, సాక్ష్యాలు తేల్చాలి; గర్భగుడి ముందు తడిబట్టలతో నిలబడినంత మాత్రాన అది తేలదు.

దీనికి పూర్తిగా తిరగబడిన రూపం ఇంకొకటి ఉంది. ఇంటింటికీ డబ్బు పంచుతూ, దేవుడి పటం మీదో, పసుపు కుంకుమల మీదో మాకే ఓటు వేస్తామని ఓటరు చేత ఒట్టు వేయించుకోవడం. ఇక్కడ కట్టుబడేది నాయకుడు కాదు, పేదరికంలో ఉన్న ఓటరు. రహస్య ఓటు ఇచ్చిన స్వేచ్ఛను దేవుడి భయంతో లాక్కోవడమే ఇది. దీన్ని తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. ఆ ఒట్టు వేసిన ఆడవాళ్లు డబ్బు తీసుకున్నందుకు కాదు, మాట తప్పితే పిల్లలకు ఏమవుతుందోనని భయపడి ఓటు వేస్తారు. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 123(2) సెక్షన్ దీన్ని మన కంటే ముందే ఊహించింది: దైవాగ్రహానికి గురవుతారని ఓటరును నమ్మించడం అనుచిత ప్రభావం, అంటే ఎన్నికల అక్రమం.

అన్ని మతాల పేర్లూ కలిపి చెబితే సమస్య తీరుతుందా?

కొంతవరకు. మేనిఫెస్టో తనకు భగవద్గీత, బైబిల్, ఖురాన్ వంటిదని జగన్ పదేపదే చెప్పారు. దేవుడి దయ, మీ అందరి చల్లని దీవెనలు అనే ఆయన ముగింపు మాటలో ఏ మతపు ముద్రా లేదు, ఎందుకంటే తెలుగులో దేవుడు అన్న మాటను హిందువులతో పాటు క్రైస్తవులూ ముస్లింలూ వాడుకుంటారు. అందరినీ కలుపుకునే మర్యాద అందులో ఉంది. కానీ మూడు గ్రంథాల పేర్లు చెప్పినా మేనిఫెస్టో మేనిఫెస్టోయే. దాన్ని గ్రంథంలా కళ్లకద్దుకోకూడదు, అంశం అంశంగా నిలదీయాలి.

చట్టం ఏమంటుంది?

ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ ప్రకారం మతం, జాతి, కులం, సమూహం, భాష ఆధారంగా ఓటు వేయమని గానీ వేయవద్దని గానీ అభ్యర్థి, ఆయన ఏజెంటు, లేదా వారి సమ్మతితో మరొకరు కోరడం ఎన్నికల అక్రమం. 123(3ఎ) ప్రజల మధ్య ద్వేషం రెచ్చగొట్టడాన్ని నిషేధిస్తుంది, 125 దాన్ని శిక్షార్హమైన నేరం చేస్తుంది. గుడులు, మసీదులు, చర్చిలను ప్రచార వేదికలు చేయవద్దని ఎన్నికల ప్రవర్తనా నియమావళి చెబుతుంది. ఉల్లంఘన జరిగితే ఎన్నికల సంఘం ప్రచారాన్ని కొన్నాళ్లు ఆపగలదు. 2019 ఏప్రిల్‌లో యోగి ఆదిత్యనాథ్‌ను 72 గంటలు, మాయావతిని 48 గంటలు ప్రచారం చేయకుండా నిలిపివేసింది.

ఇందులో చిక్కుముడి అంతా 123(3)లోని ‘తన మతం’ అన్న ఒక్క మాటలో ఉండేది. తన అంటే అభ్యర్థి మతమా, ఓటరు మతమా? 2017 జనవరి 2న అభిరామ్ సింగ్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 4–3 ఆధిక్యంతో, అభ్యర్థి, ప్రత్యర్థి, ఓటరు అందరి మతమూ దాని కిందికి వస్తుందని తేల్చింది. మైనారిటీ తీర్పు రాసిన న్యాయమూర్తి చంద్రచూడ్ అభ్యంతరం కూడా తోసిపుచ్చదగినది కాదు. కులం వల్ల, మతం వల్ల తరతరాలుగా అన్యాయానికి గురైనవారు ఆ అన్యాయం గురించి ఎన్నికల వేదిక మీద మాట్లాడుకోలేకపోతే ప్రజాస్వామ్యం వారికి మిగిల్చేది ఏమిటని ఆయన వాదన సారాంశం. నేను చట్టాన్ని విధిగా పాటించాలనే అంటాను. కానీ మా మీద జరిగిన వివక్షను ఆపుతారా అని అడగడానికీ, మనవాడు కాబట్టి ఓటు వేయండి అని అడగడానికీ ఉన్న తేడాను కోర్టులు ప్రతి కేసులోనూ చూడాలని కోరుకుంటాను.

మరి మతపదం వాడిన ప్రతి ఎన్నికా రద్దవుతుందా?

కాదు. 1964లో కుల్తార్ సింగ్ కేసులో పోస్టర్ మీద ఉన్న, సిక్కు సమాజాన్ని సూచించే ‘పంథ్’ అన్న మాటకు అకాలీదళ్ పార్టీ అని అర్థం చెప్పి, ప్రసంగాన్నైనా పోస్టర్‌నైనా మొత్తంగా చదవాలని సుప్రీంకోర్టు అంది. 1995 డిసెంబర్ 11న ఒకే రోజు రెండు తీర్పులు వచ్చాయి. మహారాష్ట్రలో తొలి హిందూ రాష్ట్రం ఏర్పడుతుందన్న శివసేన నాయకుడు మనోహర్ జోషి మాట ఒక ఆశ మాత్రమేనని సుప్రీంకోర్టు వదిలిపెట్టింది. విలే పార్లే ఉపఎన్నికలో బాల్ ఠాక్రే ప్రసంగాల కారణంగా రమేశ్ ప్రభు ఎన్నిక చెల్లదన్న హైకోర్టు నిర్ణయాన్ని సమర్థించింది. ఠాక్రే ఓటు హక్కు తరువాత ఆరేళ్లపాటు రద్దయింది. ఆ ఉపఎన్నిక జరిగింది 1987లో. తుది తీర్పు వచ్చేనాటికి ఆ శాసనసభ గడువే ముగిసిపోయింది. చట్టం కంటే ఆలస్యమే ఇక్కడ పెద్ద లోపం.

ఈ భాష మాట్లాడితే గెలుస్తారా?

హామీ లేదు. 2023 కర్ణాటక ఎన్నికల్లో, బజరంగ్‌దళ్ గురించి కాంగ్రెస్ మేనిఫెస్టోలో వచ్చిన ప్రస్తావన తరువాత ప్రధాని నరేంద్ర మోదీ సభల్లో జై బజరంగబలి నినాదం చేయించారు. 224 స్థానాల్లో 135 కాంగ్రెస్‌కు వచ్చాయి. అయోధ్య ఆలయ ప్రాణప్రతిష్ఠ 2024 జనవరి 22న జరిగింది. కొద్ది నెలలకే అయోధ్య ఉన్న ఫైజాబాద్ లోక్‌సభ స్థానంలో బీజేపీ ఓడిపోయింది. ఓటరు దండం పెట్టి వచ్చి, ఆ తరువాత విడిగా లెక్క వేసుకుంటాడు.

నాయకుడినే దేవుడిగా కొలవడం కూడా దీని కిందికే వస్తుందా?

వస్తుంది, ఇంకా ప్రమాదకరంగా వస్తుంది. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ చేసిన హెచ్చరిక ఇదే: మతంలో భక్తి ఆత్మకు ముక్తిమార్గం కావచ్చు గానీ, రాజకీయాల్లో భక్తి పతనానికీ, చివరకు నియంతృత్వానికీ దారి. కటౌట్లకు పాలాభిషేకాలు చేసే మనకు ఈ మాట అవసరం ఎక్కువే. దేవుడు సాక్షిగా ఉన్నంతవరకు నాయకుడు బోనులో ఉంటాడు. నాయకుడే దేవుడైతే బోనులోకి వెళ్లేది ప్రశ్న అడిగినవాడు.

అభ్యంతరకరమైన ప్రసంగం వింటే ఏం చేయాలి?

ఎన్నికల సమయంలో సీ-విజిల్ యాప్ ద్వారా వీడియోతో సహా ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేయవచ్చు. ఎన్నిక రద్దు కోరాలంటే ఫలితం వెలువడిన 45 రోజుల్లోగా హైకోర్టులో పిటిషన్ వేయాలి. ఆ నియోజకవర్గపు ఓటరు ఎవరైనా వేయవచ్చు.

చట్టసభ సభ్యులే దైవసాక్షిగా ప్రమాణం చేస్తారు కదా, మరి అది?

రాజ్యాంగం మూడో షెడ్యూలు రెండు దారులూ ఇచ్చింది. సభ్యుడు దేవుడి పేరిట ప్రమాణం చేయవచ్చు, లేదా దేవుడి ప్రస్తావన లేకుండా సత్యనిష్ఠతో చేయవచ్చు. ఆయన పలికే దేవుడు ఆయన ఒక్కడికే సాక్షి. కానీ రాజ్యాంగ పీఠిక ‘భారత ప్రజలమైన మేము’ అని మొదలవుతుంది. ఆ మేములో నమ్మేవారూ నమ్మనివారూ ఉన్నారు. పీఠికను దేవుడి పేరుతో ప్రారంభించాలని రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ 1949 అక్టోబర్ 17న సవరణ ప్రతిపాదించారు. దేవుడి మీద ఓటు వేయవలసిన ఇబ్బందిలో తమను పెట్టవద్దని పూర్ణిమా బెనర్జీ సభలో ఆయనను వేడుకున్నారు. అయినా ఓటింగు జరిగింది. అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68 వచ్చాయి.